చారలే మిగులుతున్నాయి, స్కిర్మియాన్లు (స్పిన్ల సుడులు) రావడం లేదు: ఎక్కడ తప్పుతున్నాను?

నమస్కారం. అనంతపురంలో ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం చదువుతున్నాను. జాలోషిన్‌స్కీ (1958), మోరియా (1960) చెప్పిన, అయస్కాంత పదార్థాల్లో పక్కపక్క స్పిన్లను (పరమాణువుల బుల్లి అయస్కాంతాలను) మెలితిప్పే ప్రతిసౌష్ఠవ వినిమయ చర్య మీద నెల రోజులుగా కూర్చున్నాను.

మామూలు వినిమయం 'జె' పక్కపక్క స్పిన్లను ఒకే దిక్కున నిలుపుతుంది. ఆ ప్రతిసౌష్ఠవ చర్య బలం 'డి' వాటిని ఒకదానికొకటి లంబంగా తిప్పాలని చూస్తుంది. ఆ పెనుగులాటలో కుదిరే కోణపు టాంజెంట్ విలువ డి/జె. అది 0.5 అయితే ఒక్కో అడుగుకు 26.6 డిగ్రీలు. దారానికి చీపురుపుల్లలు కట్టి ఒక్కోదాన్నీ అంతే తిప్పుతూ పోయాను. పద్నాలుగో పుల్లకూ పదిహేనో పుల్లకూ మధ్య చుట్టు పూర్తయింది. 'డి' గుర్తు మారిస్తే మెలిక ఎడమకు తిరిగింది. ఎంత అందంగా ఉందో!

చిక్కంతా రెండు మితుల్లో వచ్చింది. 60×60 గడుల మీద మాంటే కార్లో (యాదృచ్ఛిక సంఖ్యలతో చేసే కంప్యూటర్ లెక్క) నడిపి, తక్కువ ఉష్ణోగ్రతలో తలానికి లంబంగా అయస్కాంత క్షేత్రం పెంచుతున్నాను. మెలికలు పక్కపక్కన పేర్చినట్టు కనిపించే చారలు అలాగే ఉండి, చివరకు స్పిన్లన్నీ క్షేత్రం వైపు తిరిగిపోతున్నాయి. 2009లో మాంగనీస్ సిలిసైడ్‌లో న్యూట్రాన్లతో చూసిన స్కిర్మియాన్ల అల్లిక జాడ కూడా లేదు.

క్షేత్రం ముందే పెట్టి, వేడి స్థితి నుంచి మెల్లగా చల్లార్చాలా? లేక 60 గడుల్లో ఆ చుట్లు సరిగ్గా ఇమడకపోవడమే కారణమా? ఇలాంటి లెక్కలు చేసినవారు దయచేసి చెప్పండి. క్షేత్రం విలువను 'డి', 'జె'లను బట్టి ఎలా ఎంచుకోవాలో కూడా వివరిస్తే ఎంతో మేలు.