చాలాకాలం మాటల్లేని పాత మేనేజర్‌ని రిఫరెన్స్ ఎలా అడగాలి?

రిఫరెన్స్ కాల్స్ (మన పని ఎలా ఉండేదో కొత్త కంపెనీ వాళ్లు పాత మేనేజర్‌ని అడిగే ఫోన్లు) తీసుకునే మేనేజర్లు, హెచ్‌ఆర్ వాళ్లు దయచేసి చెప్పండి.

ఆఫీసు మెయిల్ ఆఖరి రోజుతో ఆగిపోతుంది కాబట్టి మేనేజర్ సొంత నంబరు ముందే తీసుకోవడం, లింక్డిన్‌లో కలవడం, ఆరు నెలలకోసారి నాలుగు లైన్లు రాయడం: ఇవి తెలిసినవే. "మీరు నేర్పిన రివ్యూ పద్ధతి ఇక్కడా వాడుతున్నాం సార్" లాంటి మాటకి జవాబు వస్తుంది, పండగ ఫార్వర్డ్‌కి రాదు.

చిక్కల్లా మూడు, నాలుగేళ్లు పలకరింపే లేనప్పుడు. పని వివరాలు ఆయనకి గుర్తుండవు, కాల్ వస్తే "బాగానే చేసేవాడు" అని ముగిస్తారు. ఆ పొడిమాట అవకాశాన్నే దెబ్బతీయొచ్చు. మరి ముందు పలకరించి, వారం ఆగి అడగాలా? మొదటి మెసేజ్‌లోనే విషయం చెప్పేయాలా? రెండోదే నిజాయితీ అనిపిస్తోంది.

ఒప్పుకున్నాక ఉద్యోగ ప్రకటన, రెజ్యూమె, కలిసి చేసిన రెండు ప్రాజెక్టుల ఫలితాలు అంకెలతో ఒకే పేజీలో పంపితే సాయమా, పాఠం అప్పజెప్పినట్టా?

ఇంకొకటి. చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా తప్ప ఇంకేం చెప్పకూడదని కొన్ని కంపెనీల్లో రూలు ఉంటుంది. అలాంటి చోట పనిచేస్తున్న మేనేజర్‌ని వ్యక్తిగతంగా అడగడం ఆయన్ని ఇరుకున పెట్టడమేనా? ఆయన సులువుగా కాదనగలిగేలా ఆ ప్రశ్న ఎలా రాయాలి?