ఫ్రెంచ్ పిల్లలకి "ఐ ప్రిఫర్", "ఐడ్ రాదర్" నేర్పడం ఎలా: తూలూజ్ నుంచి ఒక ప్రశ్న, జవాబులు

ప్రశ్న, తూలూజ్ నుంచి

అందరికీ నమస్కారం. మాస్టర్స్ కోసం సెప్టెంబరులో ఇక్కడికి వచ్చాను. ఒక ఫ్రెంచ్ కుటుంబం వాళ్లమ్మాయికి వారానికి రెండు గంటలు ఇంగ్లీషు చెప్పమని అడిగారు. అమ్మాయి త్రువాజియెమ్ (మన తొమ్మిదో తరగతి లాంటిది) చదువుతోంది, 14 ఏళ్లు. ఇప్పుడు నడుస్తున్న పాఠం ఇష్టాయిష్టాలు చెప్పడం. ఆ అమ్మాయి చేసే తప్పులు మన ఊళ్లో పిల్లలు చేసే తప్పుల్లా లేవు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా?

జవాబు, ల్యోన్ నుంచి

తమ్ముడూ, ముందు మనకీ ఫ్రెంచ్ వాళ్లకీ ఉమ్మడిగా ఉన్న తప్పు చూడు. "ఐ ప్రిఫర్ టీ దాన్ కాఫీ." ఆ "దాన్" మనకి "కాఫీ కంటే టీ ఇష్టం"లోని "కంటే" నుంచి వస్తుంది. వాళ్లకి "జెమ్ మియ ల తే క ల కఫే"లోని "క" నుంచి వస్తుంది. నీ నోట అలవాటుగా వస్తే ఆ పిల్లని దిద్దేవాళ్లుండరు, కాబట్టి నువ్వు ముందు సరిచూసుకో. సరైనది "ఐ ప్రిఫర్ టీ టు కాఫీ". దీన్ని ఫ్రెంచ్ లోంచే చూపించు: "జ ప్రెఫేర్ ల తే ఓ కఫే" అన్నప్పుడు ఆ "ఓ"లో దాగున్నది "ఆ" అనే విభక్తే. "ప్రెఫెరే" పక్కన "ఆ", "ప్రిఫర్" పక్కన "టు" అని రాసి చూపిస్తే వెంటనే పట్టుకుంటుంది.

ఇక అన్నిటికంటే ఎక్కువసార్లు దొర్లేది "ది". ఫ్రెంచ్‌లో ఇష్టం, ద్వేషం చెప్పే క్రియల తర్వాత, మొత్తం జాతి గురించి మాట్లాడినా ఆర్టికల్ పెట్టి తీరాలి. "జెమ్ ల షొకొలా" అంటారు. అందుకే "ఐ లైక్ ది చాక్లెట్" వస్తుంది. ఇంగ్లీషులో అలా అంటే టేబుల్ మీదున్న ఫలానా చాక్లెట్ అని అర్థం. "చాక్లెట్ అంటేనే ఇష్టమా, ఈ చాక్లెట్ ఇష్టమా?" అని ప్రతి వాక్యానికీ అడుగు. తెలుగులో ఆర్టికల్సే లేవు కదా, మన చెవికి అక్కర్లేని "ది" చటుక్కున తగలదు. వింటూ దిద్దడం కష్టం. వాక్యాలు రాయించి, ప్రతి "ది" చుట్టూ సున్నా చుట్టించి అప్పుడు చూడు.

ఇక్కడే రెండో తప్పు పుడుతుంది, దీన్ని చాలామంది గమనించరు. ఫ్రెంచ్‌లో బహువచనపు "ఎస్" రాస్తారు కానీ పలకరు. "లె షియఁ" అన్నప్పుడు కుక్కలు చాలా ఉన్నాయని చెవికి చెప్పేది ముందున్న "లె" ఒక్కటే. నువ్వు "ది తీసెయ్" అనగానే ఆ పిల్ల మనసులో బహువచనం కూడా పోతుంది, "ఐ లైక్ డాగ్" అంటుంది. అది కుక్క మాంసం ఇష్టమన్నట్టు వినబడుతుంది. కాబట్టి "ది" తీయించిన ప్రతిసారీ "డాగ్స్", "బుక్స్", "మూవీస్" అని చివరి అక్షరం గట్టిగా పలికించు. లెక్కపెట్టలేని పాలు, సంగీతం లాంటి వాటికి ఈ బాధ లేదు.

మాటల వరస కూడా చూడాలి. "జెమ్ బోకూ ల కఫే"ని ఉన్నదున్నట్టు దించితే "ఐ లైక్ వెరీ మచ్ కాఫీ" అవుతుంది. ఇంగ్లీషులో క్రియకీ కర్మకీ మధ్య ఇలాంటి మాట దూర్చకూడదు, "ఐ లైక్ కాఫీ వెరీ మచ్" అనాలి. ఒక్క వారంలో పోయే తప్పు ఇది.

జవాబు, గ్రెనోబ్ల్ నుంచి

పై జవాబుకి ఒకటి కలుపుతాను. ఫ్రెంచ్ "ప్రెఫెరే"కి రెండు పనులున్నాయి. రెండింటిలో ఒకటి ఎంచుకోవడం ఒకటి, అన్నిటిలోకీ ఎక్కువ ఇష్టమని చెప్పడం ఇంకొకటి. రెండో పని ఇంగ్లీషు "ప్రిఫర్"కి సరిగా కుదరదు. "మోఁ ఫిల్మ్ ప్రెఫెరె"ని "మై ప్రిఫర్డ్ ఫిల్మ్" అని కాక "మై ఫేవరెట్ ఫిల్మ్" అనాలి. "స క జ ప్రెఫేర్, సె ల ఫ్రొమాజ్" అన్నదానికి "వాట్ ఐ లైక్ బెస్ట్ ఈజ్ చీజ్" అనాలి. "ఐ ప్రిఫర్ చీజ్" అని ఊరికే అంటే వినేవాళ్లు "దేనికంటే?" అని ఎదురుచూస్తారు.

ఇప్పుడు "ఐడ్ రాదర్". అసలు గొడవంతా ఆ "డ్"లో ఉంది. ఒకే గుర్తు మూడు చోట్ల కనబడుతుంది: "ఐడ్ లైక్", "ఐడ్ రాదర్", "యూడ్ బెటర్". మొదటి రెండూ "వుడ్", మూడోది "హ్యాడ్". పైగా మూడోది ఇష్టం కాదు, హెచ్చరిక: అలా చేయకపోతే చెడు జరుగుతుంది అని. ఈ మూడింటినీ ఒకే రోజు చెప్పకు. "యూడ్ బెటర్"ని కనీసం రెండు వారాలు ఆపు. పలకడంలో "డ్" రాలిపోయి "ఐ రాదర్ గో", "ఐ లైక్ ఎ కాఫీ" అయిపోతుంది కూడా. మొదట్లో "ఐ వుడ్ లైక్" అని పూర్తిగా అనిపించి, తర్వాత కుదించు. ఫ్రెంచ్‌లో "జెమ్"కీ "జ వూద్రే"కీ ఉన్న తేడానే "ఐ లైక్"కీ "ఐడ్ లైక్"కీ ఉందని చెబితే చాలు.

"రాదర్" తర్వాత క్రియ వట్టిగా రావాలి, "టు" ఉండకూడదు: "ఐడ్ రాదర్ వాక్". వద్దనాలంటే "నాట్" దాని తర్వాతే: "ఐడ్ రాదర్ నాట్ గో". "ఐ వుడెంట్ రాదర్ గో" తప్పు. పోల్చేటప్పుడు ఇక్కడ "దాన్" వస్తుంది: "ఐడ్ రాదర్ వాక్ దాన్ టేక్ ది బస్". పొద్దున "ప్రిఫర్‌తో దాన్ వద్దు" అని, సాయంత్రం "రాదర్‌తో దాన్ కావాలి" అంటే ఏ పిల్లకైనా తికమకే. అందుకని కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చెయ్. ఎడమ పక్క "ప్రిఫర్ వాకింగ్ టు డ్రైవింగ్", కుడి పక్క "వుడ్ రాదర్ వాక్ దాన్ డ్రైవ్". ఎడమ పక్క "టు" విభక్తి, అందుకే దాని తర్వాత "ఇంగ్" వస్తుంది. ఆ కాగితం నెల రోజులు టేబుల్ మీదే ఉండాలి.

ఇంకొకరు చేయాలని కోరుకోవడం దీనికంటే కష్టం. ఫ్రెంచ్‌లో "క" పెట్టి సబ్జంక్టివ్ (కోరిక లాంటివి చెప్పే క్రియారూపం) వాడతారు, అదే అచ్చుగుద్ది "ఐ వాంట్ దట్ యు కమ్" అంటారు. "ఐ వాంట్ యు టు కమ్", "ఐడ్ ప్రిఫర్ యు టు కమ్" అని అలవాటు చెయ్. "ఐడ్ రాదర్ యు కేమ్ టుమారో" దగ్గర రేపటికి భూతకాలం ఏమిటని తప్పకుండా అడుగుతుంది. "సి త్యు వనే దుమెఁ" (నువ్వు రేపు వస్తే) అని వాళ్లు రేపటికి ఎంపార్ఫే అనే భూతకాలం వాడటం లేదా? మన "రేపు వచ్చావంటే ఇస్తా"లో కూడా "వచ్చావు" ఉంది. జరిగిపోయిన కాలం కాదు, ఇంకా జరగని దాన్ని ఊహించే కాలం. త్రువాజియెమ్‌లో ఇది గుర్తుపడితే చాలు, సొంతంగా వాడటం లీసేలో, అంటే తర్వాతి పై తరగతుల్లో వస్తుంది.

జవాబు, నాంత్ నుంచి

వ్యాకరణం సరిగా ఉన్నా మర్యాద తప్పే చోట్లు రెండున్నాయి, దయచేసి వదలకండి. "సా మెతెగాల్" అనాలనుకుని పిల్లలు "ఐ డోంట్ కేర్" అంటారు. వినేవాళ్లకి అది విసుక్కున్నట్టు ఉంటుంది. "ఏదైనా పర్లేదండీ" అన్న అర్థం రావాలంటే "ఐ డోంట్ మైండ్". రెండోది "జె ఓఁవీ ద" (నాకు ఫలానాది చేయాలనిపిస్తోంది). దాన్ని "ఐ హ్యావ్ ఎన్వీ" అంటే అసూయ అయిపోతుంది. "ఐ ఫీల్ లైక్ గోయింగ్ అవుట్" అనాలి. "మైండ్", "ఎంజాయ్", "కాంట్ స్టాండ్", "ఫీల్ లైక్" నాలుగింటికీ వెనక "ఇంగ్" రావాలి.

"సా మ ప్లే" మాత్రం మనకి వరం. "నాకు నచ్చింది" కూడా సరిగ్గా అదే కట్టు, నచ్చిన వస్తువే కర్త. ఇంగ్లీషు దీన్ని తిరగేస్తుంది. "ఇట్ ప్లీజెస్ మి" అన్నప్పుడల్లా "ఐ లైక్ ఇట్" అని మార్పించండి. ఈ తప్పు ఎందుకొస్తుందో ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న టీచరు కంటే తెలుగువాళ్లకి బాగా అర్థమవుతుంది.

స్పెల్లింగులో ఒక్కటే: "ప్రిఫర్డ్" చివర్లో జంట "ఆర్" రాయాలి, ఎందుకంటే ఊనిక రెండో సిలబుల్ మీద ఉంది. "ఆఫర్డ్"లో ఊనిక మొదట ఉంది కాబట్టి ఒక్కటే.

జవాబు, ల్యోన్ నుంచి మళ్లీ

గంట ఎలా నడపాలో చెబుతాను. మొదటి 10 నిమిషాలు పోయినసారి వాక్యాలు. తర్వాత 15 నిమిషాలు ఒకే ఒక్క కట్టు, 8 వాక్యాలు, రాతలో. తర్వాత 25 నిమిషాలు మాటలే: రెండు సినిమాలు, రెండు ఊళ్లు, రెండు కూరలు ఇచ్చి ఎంచుకోమను, "బికాజ్" లేకుండా ఆగనివ్వకు. మాట్లాడుతుంటే మధ్యలో దిద్దకు, తప్పులు కాగితం మీద రాసుకుని చివరి 10 నిమిషాల్లో ఆ పిల్ల చేతే దిద్దించు.

డబ్బు సంగతి కూడా. చేతికి నోట్లు తీసుకోవద్దు. ఆ కుటుంబాన్ని సెజ్యు (ఇంటి పనివాళ్ల జీతం ప్రభుత్వానికి చూపించే పద్ధతి) ద్వారా డిక్లేర్ చేయమను. ఇంటి దగ్గర పాఠాలకి వాళ్లు పెట్టే ఖర్చులో 50 శాతం, పరిమితికి లోబడి, పన్ను క్రెడిట్‌గా వాళ్లకి తిరిగి వస్తుంది కాబట్టి అభ్యంతరం చెప్పరు. నీ స్టూడెంట్ రెసిడెన్స్ పర్మిట్ మీద ఏడాదికి 964 గంటలే పని చేయవచ్చు, ఈ గంటలూ అందులోకే వస్తాయి. ప్రతి వారం గంటలు ఒక నోట్‌బుక్‌లో రాసుకో.