1972 మార్క్-2 అంబాసిడర్: పాత ఇంజన్ ఉంచాలా, ఇసుజు పెట్టించాలా?

బెజవాడ మార్క్2:
అందరికీ నమస్కారం. మా తాతయ్య కొన్న 1972 మార్క్-2 అంబాసిడర్ ఇప్పుడు నా చేతికొచ్చింది. బాడీ గట్టిగా ఉంది, ఫ్లోర్ తుప్పు పట్టలేదు. గొడవంతా ఇంజన్‌తోనే. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే లేస్తుంది. ఎండలో బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో కాసేపు నిలబడితే టెంపరేచర్ ముల్లు చివరికి వెళ్లిపోతుంది. ఆపితే మళ్లీ చల్లారేదాకా స్టార్ట్ కాదు. యాక్సిలరేటర్ వదిలి తొక్కినప్పుడు నీలం పొగ వస్తుంది.

మా షెడ్డు మేస్త్రీ 1800 ఐఎస్‌జడ్ అంబాసిడర్ నుంచి తీసిన ఇసుజు ఇంజన్, ఐదు గేర్ల బాక్స్‌తో సహా చూసి పెట్టాడు. అది వేసేస్తే ఇక టెన్షన్ ఉండదంటున్నాడు. నాన్న ససేమిరా అంటున్నారు, తమ్ముడు వెంటనే పెట్టించమంటున్నాడు. నాకు కావలసింది ఆదివారం షికారు, ఇంట్లో పెళ్లిళ్లు, అప్పుడప్పుడు గుంటూరు దాకా ఒక ట్రిప్పు. మీరేమంటారు?

గోదావరి రోడ్స్:
పెట్టించండి. ఎక్కడో జపాన్ ఇంజన్ తెచ్చి అతికించడం కాదిది. 1992లో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లే ఇదే బాడీలో ఆ 1817 సీసీ ఇంజన్ పెట్టి 1800 ఐఎస్‌జడ్ అని అమ్మారు. మీ 1489 సీసీ ఇంజన్‌ది దాదాపు 50 హార్స్‌పవర్, దీనిది 75. నాలుగు గేర్ల పాత బండి హైవే మీద లారీని దాటాలంటే ఎదుటి రోడ్డు ఎంత ఖాళీగా ఉండాలో నడిపినవాళ్లకు తెలుసు. ఐదో గేరు ఉంటే ఇంజన్ అరవకుండా వెళ్తుంది. మా ఇంట్లోనూ పాత అంబాసిడర్ ఉండేది. రోడ్డు మధ్యలో ఆగిపోతుందన్న భయంతో ఇంట్లో ఎవరూ ఎక్కకపోవడం వల్లే అది షెడ్డులో పాడైంది. మీ బండికి ఆ గతి పట్టకూడదు.

పాతబండి మనిషి:
గోదావరి గారు చెప్పిన చరిత్ర నిజమే. కానీ ప్రశ్న రాసినాయన చెప్పిన లక్షణాలు ఒక్కసారి మళ్లీ చదవండి. అందులో ఇంజన్ మార్చి తీరాల్సిన కారణం నాకు ఒక్కటీ కనిపించలేదు.

మొదట వేడి సంగతి. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన రేడియేటర్ ట్యూబులు సున్నంతో సగానికి పైగా మూసుకుపోయి ఉంటాయి. రాడింగ్ (ట్యూబుల్లోకి కడ్డీలు దూర్చి శుభ్రం చేయడం) చేయించినా ఫలితం లేకపోతే కొత్త కోర్, అంటే లోపలి ట్యూబుల భాగం, వేయించాలి. బ్లాక్ పక్క రంధ్రాలకు బిగించిన మూతలు, అంటే కోర్ ప్లగ్గులు, తీసి చూడండి. వెనక సిలిండర్ల చుట్టూ నీళ్లు తిరిగే చోట బురద పేరుకుని ఉంటుంది. దాన్ని తీయకుండా కొత్త రేడియేటర్ పెట్టినా వేడి తగ్గదు. స్పార్క్ టైమింగ్ వెనక్కి జరిగినా ఇంజన్ వేడెక్కుతుంది. దాన్ని సరిచేయడానికి ఒక పూట చాలు.

రెండోది, వేడి మీద స్టార్ట్ కాకపోవడం. పెట్రోల్ పంపు ఇంజన్ బ్లాక్‌కే బిగించి ఉంటుంది, అందువల్ల అందులోనూ పైపులోనూ పెట్రోల్ ఆవిరైపోతుంది. పంపు దగ్గర వేడి తగలకుండా ఒక రేకు అడ్డం పెట్టి, పైపును మానిఫోల్డ్‌కు దూరంగా జరిపితే చాలా బళ్లలో ఈ జబ్బు పోతుంది.

మూడోది నీలం పొగ. నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ టెస్ట్ (లోపల ఒత్తిడి ఎంత వస్తుందో కొలవడం) చేయించండి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో కాస్త ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. కంప్రెషన్ పెరిగితే పిస్టన్ రింగులో, బోరో (సిలిండర్ లోపలి గోడ) అరిగినట్టు. పెరగకపోతే వాల్వులు, హెడ్ గాస్కెట్ వైపు చూడాలి. కంప్రెషన్ అన్నిట్లో బాగానే ఉండి పొగ మాత్రం వస్తుంటే వాల్వ్ గైడ్లు, సీల్స్ చూడాలి. ఈ టెస్ట్ చేయకుండానే ఇంజన్ దించేద్దామన్న మేస్త్రీ మాట నేను నమ్మను.

ఇక కింద ఆయిల్ చుక్కలు పడితే కంగారు పడకండి. ఈ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ఇంజన్‌లో క్రాంక్ వెనక వైపు ఇప్పటి బళ్లలో లాంటి రబ్బరు సీల్ ఉండదు. ఆయిల్‌ను వెనక్కి తోసే మరలాంటి గాడి మాత్రమే ఉంటుంది. అరిగిన ఇంజన్‌లో అక్కడ కొద్దిగా కారడం మామూలే.

ఇసుజు పెట్టాలంటే ఏమేం కోయాలో కూడా ఎవరో ఒకరు చెప్పాలి. మీ బండికి గేరు కొయ్య స్టీరింగ్ పక్కన ఉంటుంది, ముందు ఒకే పొడుగు సీటు. ఐదు గేర్ల బాక్స్‌కు లివర్ కిందనుంచి వస్తుంది. అంటే ఫ్లోర్ కోయాలి, ఆ సీటు పోవాలి, ఇంజన్ మౌంట్లు వెల్డింగ్ చేయాలి, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు మార్చాలి. మీ తాతయ్య పక్కన ముగ్గురు కూర్చున్న ముందు సీటు ఇక ఉండదు. మళ్లీ పాత ఇంజన్ పెట్టుకుందామనుకున్నా కోసిన ఫ్లోర్ ఎప్పటికీ అతుకే.

సెక్షన్ 52:
చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలో ఉన్నదానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఇంజన్ మార్చాలంటే ముందు ఆర్‌టీఓ అనుమతి తీసుకుని, తర్వాత కొత్త ఇంజన్ నంబర్ ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. తుక్కులో కొన్న ఇంజన్‌కు బిల్లు లేకపోతే అది ఏ బండిదో, ఆ బండి ఏమైందో మీరు రుజువు చేయలేరు. నంబర్ కలవకపోతే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర చిక్కు తప్పదు.

ఇంకోటి. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బళ్లకు వేరే నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండికి 'వీఏ' సిరీస్ నంబర్ ఇస్తారు, ఫీజు ₹20,000, పదేళ్లు చెల్లుతుంది. ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలన్నది షరతు. మీ 1972 బండి వయసు సరిపోతుంది. ఇసుజు పెట్టిన రోజున ఆ అర్హత పోతుంది.

గోదావరి రోడ్స్:
సెక్షన్ 52 గారూ, ఆ వీఏ నంబర్ తీసుకున్నాక బండిని మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదని కూడా అదే నిబంధనల్లో ఉంది. ర్యాలీకి, ప్రదర్శనకు, పెట్రోల్‌కు, రిపేరుకు తప్ప బయటికి తీయకూడదు. ఈయనకు కావలసింది పెళ్లికి వెళ్లడం, గుంటూరు వెళ్లడం. మామూలు రిజిస్ట్రేషనే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజు ₹10,000 అయింది. అంత కట్టి రోడ్డు మీద పెట్టుకునే బండి రోడ్డుకు తగ్గట్టు ఉండాలి కదా. అనుమతి, బిల్లు విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తాను. కాగితాలు లేని ఇంజన్ ముట్టుకోవద్దు.

పైగా ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. పాత కార్బరేటర్, పాత రబ్బరు దాన్ని ఎంతకాలం తట్టుకుంటాయి?

న్యూజెర్సీ ఎంజీబీ:
ఇక్కడ నా దగ్గర ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఉంది. దాని ఇంజన్, మీ అంబాసిడర్ ఇంజన్ ఒకే బీఎంసీ బి-సిరీస్ కుటుంబం. 1950ల నాటి ఎంజీఏ 1500లో ఉన్నదీ ఈ 1489 సీసీ ఇంజనే. అందుకే ఇంగ్లండ్‌లో గాస్కెట్లు, బేరింగులు, వాల్వులు, పిస్టన్లు ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి. పార్టులు దొరకవన్న భయంతో ఈ ఇంజన్ తీసేయక్కర్లేదు. ఇండియాలో తయారైన బ్లాక్‌కు చిన్న తేడాలు ఉండొచ్చు కాబట్టి కొలతలు తీయకుండా ఆర్డర్ మాత్రం పెట్టకండి.

లష్కర్ పద్మిని:
మధ్యేమార్గం ఒకటి ఉంది కదా అన్నా. ఇసుజు పెట్టి నడుపుకోండి, పాత ఇంజన్‌కు గ్రీజు పట్టించి పెట్టెలో దాచండి. రేపు మీ పిల్లలు కావాలంటే తిరిగి పెట్టుకుంటారు.

పాతబండి మనిషి:
తమ్ముడూ, ఇంజన్ దాచొచ్చు. కోసిన ఫ్లోర్‌ను, తీసేసిన స్టీరింగ్ గేర్ లింకేజీని ఎక్కడ దాస్తారు? పెట్టెలో పెట్టిన ఇంజన్లు చివరికి తుక్కు కొట్టుకే వెళ్లడం నేను చూశాను. ఇల్లు మారినప్పుడు ముందు బయటికి పోయేది ఆ పెట్టే.

ఇ20 గురించి గోదావరి గారి ఆందోళన సరైనదే, కానీ దానికి ఇంజన్ మార్పు మందు కాదు. ఆ ఇసుజు కూడా 1990ల కార్బరేటర్ ఇంజనే. రెండిటికీ చేయాల్సింది ఒకటే: పెట్రోల్ హోసులన్నీ ఇథనాల్‌ను తట్టుకునేవి వేయాలి, పంపు డయాఫ్రమ్ మార్చాలి, టాంకు దించి లోపల తుప్పు కడిగించాలి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలబెట్టే బండిలో టాంకు నిండా పెట్రోల్ వదలకండి. ఇథనాల్‌తో మిశ్రమం పల్చబడుతుంది కాబట్టి కార్బరేటర్ మెయిన్ జెట్ (పెట్రోల్ వచ్చే రంధ్రం) ఒక సైజు పెంచాల్సి రావచ్చు.

హెడ్ దించితే ఎగ్జాస్ట్ వాల్వ్‌లకు గట్టి లోహపు సీట్లు వేయించండి. ఈ ఇంజన్ సీసం కలిపిన పెట్రోల్ కాలం నాటిది, అది 2000 ఫిబ్రవరిలో దేశమంతా ఆగిపోయింది. సీసం లేకపోతే పాత సీట్లు మెల్లగా అరిగి లోపలికి దిగిపోతాయి.

నేను మార్పులకు వ్యతిరేకిని కాను. డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టండి, మంచి హారన్, లైట్లకు రిలేలు పెట్టండి. నట్లు విప్పితే పాత స్థితికి వచ్చే మార్పు ఏదైనా నాకు అభ్యంతరం లేదు. బ్రేకులు మాత్రం అన్నిటికంటే ముందు చూడండి. ఆ కాలం బళ్లవి సింగిల్ సర్క్యూట్ డ్రమ్ బ్రేకులు, ఒక్క చక్రం దగ్గర లీకైతే పెడల్ మొత్తం నేలకు వెళ్తుంది. అలాంటి బ్రేకుల మీద 75 హార్స్‌పవర్ పెట్టమని ఎవరికీ చెప్పలేను.

గోదావరి రోడ్స్:
బ్రేకుల విషయంలో మీ మాటే ఖాయం. ఇసుజు పెట్టినా ముందు అవే చేయించాలి. హైవే గురించి మాత్రం నా అభిప్రాయం మారలేదు.

బెజవాడ మార్క్2:
అందరికీ ధన్యవాదాలు. ఆటోనగర్‌లో వేరే షెడ్డుకు తీసుకెళ్లి కంప్రెషన్ టెస్ట్ చేయించాను. మూడో సిలిండర్ బాగా తక్కువ, ఆయిల్ పోస్తే పెరిగింది. కోర్ ప్లగ్గులు తీస్తే నాలుగో సిలిండర్ పక్కనంతా గట్టిపడిన ఎర్రమట్టి. పాత ఇంజనే ఉంచుతున్నాను, ఓవర్‌హాల్ చేయిద్దామని నాన్నా ఒప్పుకున్నారు. ఒక్క అనుమానం: లేత్ మేస్త్రీ బోర్ పెంచి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేద్దామంటున్నాడు. అదా, బోర్‌లో స్లీవులు (లోపల బిగించే కొత్త గొట్టాలు) వేయించడమా?

పాతబండి మనిషి:
ముందు బ్లాక్ పూర్తిగా కడిగించి, నాలుగు బోర్లనూ పైన, మధ్యలో, కింద కొలిపించండి. స్టాండర్డ్ బోర్ 73 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. ఇదివరకే 40 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) దాకా పెంచి ఉంటే ఇంకోసారి కోయించకండి. స్లీవులు వేయించి స్టాండర్డ్‌కు తెచ్చుకోండి. మొదటిసారే అయితే 20 థౌ ఓవర్‌సైజ్ చాలు. పిస్టన్లు చేతికి వచ్చాకే, వాటిని కొలిచే బోర్ కోయమని చెప్పండి. కొలతలు ఇక్కడ రాయండి, చూద్దాం.