మా బ్రూనో పోయి 19 రోజులు, గిన్నె ఇంకా అక్కడే ఉంది

మేడగది:
పదమూడేళ్లు మాతో ఉన్నాడు. కిడ్నీలు పాడయ్యాయని తెలిసేసరికే చేయి దాటిపోయింది. అంతకు రెండు నెలల ముందు నుంచీ నీళ్లు తెగ తాగేవాడు, ఎండలు కదా అనుకున్నాం, ఆ మాట గుర్తొస్తే గుండె కలుక్కుమంటోంది. గిన్నె, బెల్టు తీసేద్దామని మా ఆయన, ముట్టుకోవద్దని అమ్మ. తలుపు కింది భాగమంతా వాడు గోళ్లతో గీకిన చారలే, ఈ నెల ఇంటికి రంగులు వేయించాలి, పెయింటర్‌కి ఫోన్ చేయబుద్ధి కావట్లేదు. మా రెండో కుక్క స్వీటీ కూడా సరిగా తినడం లేదు, సాయంత్రమైతే గేటు దగ్గరే కూర్చుంటోంది. దానికి తెలుస్తుందంటారా? బయట ఎవరికి చెప్పినా "కుక్కే కదా" అంటున్నారు, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

పాతసైకిల్:
మా వాడిదీ అచ్చం ఇదే కథండీ. నేనూ ఏడాది పాటు నన్ను నేను తిట్టుకున్నా. తర్వాత డాక్టర్ గారు చెప్పారు, కిడ్నీ పని దాదాపు 75 శాతం పోయాక గానీ రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరిగి కనిపించదట. నీళ్లు అంతగా తాగుతున్నాయంటే అప్పటికే కిడ్నీలు మూత్రాన్ని చిక్కబరచలేకపోతున్నాయన్నమాట. ముందే పట్టుకెళ్తే మందులతో, డైట్‌తో కొంత టైమ్ దొరికేదేమో, కాదనను, కానీ పోయిన కిడ్నీ తిరిగి రాదు. ఎండాకాలంలో కుక్క నీళ్లు తాగుతుంటే ఎవరికైనా అనుమానం వస్తుందా చెప్పండి?

రెండుతోకలు:
స్వీటీ గురించి చెప్తా. 2022లో వచ్చిన ఒక స్టడీలో ఇటలీలో 426 మందిని అడిగితే, ఇంట్లో ఒక కుక్క పోయాక రెండోదాని తీరు మారిందని 86 శాతం మంది అన్నారు. మనుషుల్ని వదలకపోవడం, ఆట తగ్గడం, హుషారు తగ్గడం, ఇవే ఎక్కువ, తిండి తగ్గడం కూడా ఉంది. యజమానులు చెప్పినదే కాబట్టి వాళ్ల దిగులు కూడా అందులో కొంత కలిసి ఉంటుందనుకోండి. వాకింగ్ టైమ్ మాత్రం మార్చకండి. అసలేమీ ముట్టకపోతే రోజుల తరబడి ఆగకుండా డాక్టర్‌కి చూపించండి. దానికి తోడుగా అని ఇప్పుడే ఇంకో కుక్కపిల్లని తేకండి, మేం తెచ్చి రెండు నెలలు ఇద్దరి మధ్యా పంచాయితీ చేశాం.

వానచినుకు:
అక్కా, ఆ తలుపు జోలికి వెళ్లనివ్వకండి. మా ఇంట్లో చారల మీద లప్పం పెట్టి నున్నగా చేసేశారు, అవి ఎక్కడుండేవో తెలియక ఇప్పటికీ వేలితో తడుముతుంటాను.

మేడగది:
అందరికీ థాంక్స్. పాతసైకిల్ గారూ, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను, ఏమీ అనలేదు, లేచి లోపలికి వెళ్లిపోయింది. తలుపు కింద మూరెడు మేర రంగు వేయొద్దని పెయింటర్‌కి చెప్పాను. ఎందుకు మేడం అన్నాడు, చెప్పలేదు. స్వీటీ నిన్న సగం తింది, తన గిన్నెలో కాదు, వాడి గిన్నెలో పెడితే.