కోడిగుడ్డు తెల్లసొనలోనూ కొవ్వు ఉన్నట్టు చూపిస్తోంది, ఎక్కడ తప్పు?

పర్లాకిమిడిలో ప్లస్ టూ పిల్లలకు తెలుగులో బయాలజీ ట్యూషన్ చెబుతాను. లిపిడ్ల (కొవ్వుల) పాఠానికి ఎమల్షన్ పరీక్ష చేసి చూపిస్తున్నా; కొవ్వు ఉంటే నీళ్లు పాలలా తెల్లబడతాయి. నలగ్గొట్టిన ఇప్ప పలుకులు 2 గ్రాములు, 95 శాతం ఇథనాల్ 5 మి.లీ. కలిపి ఒక నిమిషం ఊపి, 5 నిమిషాలు ఆగి, పైతేటను 5 మి.లీ. నీళ్లలో పోస్తే వెంటనే పాలలా తెల్లబడింది. పచ్చసొనా అంతే. దాని బరువులో దాదాపు మూడో వంతు కొవ్వే కదా, అందులో లెసితిన్ లాంటి ఫాస్ఫోలిపిడ్లూ (ఫాస్ఫేట్ ఉన్న కొవ్వు పదార్థాలు) బాగానే ఉంటాయి.

చిక్కంతా తెల్లసొనతో. అందులో కొవ్వు దాదాపు ఉండదని పిల్లలకు ముందే చెప్పాను. తీరా ఇథనాల్ పోయగానే చింపిన దూదిలా తెల్లటి పోగులు కట్టింది, నీళ్లలో పోస్తే అదీ మసకబారింది. ఆల్కహాల్‌కు ప్రొటీన్ గడ్డకట్టడం వల్లేనని నా అనుమానం. ఒట్టి ఇథనాల్ నీళ్లలో పోస్తే తేటగానే ఉంది. గుడ్డు మార్చాను, టెస్ట్‌ట్యూబులు ఆరబెట్టాను, ఫిల్టర్ పేపర్‌తో రెండుసార్లు వడకట్టాను. మసక తగ్గింది గానీ పోలేదు. కొవ్వుకు పట్టే సూడాన్ రంగు ఇక్కడ దొరకలేదు.

ఈ మసక ప్రొటీన్‌దా, కొవ్వుదా అని మామూలు సామానుతోనే పిల్లల ముందు తేల్చి చూపించడం ఎలా?