370జెడ్‌కి ట్రాక్ డే కోసం ఆయిల్ కూలర్ కావాలా, వద్దా? (ముందే ఒకటి ఉందంటున్నారు, మరి వేడెందుకు?)

ఫ్రిస్కో_జెడ్:
పొద్దున్నుంచీ ఇదే పని, బుర్ర పనిచేయడం మానేసింది. ఒకరు ఆయిల్ కూలర్ లేకుండా ట్రాక్ గేటు కూడా దాటొద్దంటారు, ఇంకొకరు డబ్బు దండగ అంటారు. నాది నిస్సాన్ 370జెడ్. ఈ శనివారం టెక్సస్‌లోని క్రెస్సన్‌లో ట్రాక్ డే (సొంత కార్లు రేస్ ట్రాక్ మీద తిప్పుకునే రోజు) ఉంది. పోయినసారి సెషన్ సగంలో కారు లాగడం తగ్గించేసింది. పెడల్ పూర్తిగా తొక్కినా ఆర్‌పీఎం పైకి పోదు. పిట్‌లో కాసేపు ఆపితే మళ్లీ మామూలే. చెక్ ఇంజిన్ లైటు రాలేదు. కారులో ఆయిల్ కూలర్ ముందే ఉంది. అయినా ఇంకోటి కొనాలా? అవునో కాదో ఒక్క ముక్కలో చెప్పండి.

పిస్టన్‌రింగ్:
ఏ సంవత్సరం? మాన్యువలా, ఆటోనా? ఆయిల్ గేజ్ ఎంత చూపించింది? లోపల ఏ ఆయిల్ ఉంది? ఇవి లేకుండా ఒక్క ముక్కలో ఎవరూ చెప్పలేరు.

బ్రేక్_మాస్టారు:
తమ్ముడూ, కూలర్ సంగతి తర్వాత. ముందు బ్రేక్ ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చావు? ఇంజిన్ వేడెక్కితే కారు నెమ్మదిస్తుంది, ఫ్లూయిడ్ మరిగితే కారు ఆగదు. సీసా మీద ఎంత వేడికి మరుగుతుందో చెప్పే రెండు అంకెలుంటాయి, డ్రై (కొత్త ఫ్లూయిడ్) ఒకటి, వెట్ (తేమ చేరినది) ఒకటి. మోట్యూల్ ఆర్‌బీఎఫ్ 600 తీసుకో: డ్రై 312 సెల్సియస్, వెట్ 200 పైచిలుకు. అంటే తేమ పీల్చుకున్నాక దాదాపు వంద డిగ్రీలు పోయినట్టే. ఏడాదిగా లోపలే ఉన్న ఫ్లూయిడ్‌ని నమ్మి ట్రాక్‌కి వెళ్లొద్దు. నాలుగు కాలిపర్లూ బ్లీడ్ చెయ్యి, అంటే పాత ఫ్లూయిడ్, గాలి బయటికి పంపు. పెడల్ మెత్తబడినా, కిందకు దిగుతున్నట్టు అనిపించినా ఆ ల్యాప్‌లోనే లోపలికి వచ్చెయ్. సెషన్ అయ్యాక హ్యాండ్‌బ్రేక్ వెయ్యొద్దు, దాని షూలు వేడి డిస్కు లోపలి డ్రమ్ముని పట్టుకుని కూర్చుంటాయి. గేర్లో పెట్టి చక్రాల కింద చెక్క పెట్టు.

ఫ్రిస్కో_జెడ్:
మాస్టారూ, బ్రేకులు బాగానే ఉన్నాయి. నేనడిగింది ఆయిల్ గురించి.

హైదరాబాద్_గ్యారేజ్:
అన్నా, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో 38 డిగ్రీల ఎండలో కూడా ఏ మార్పూ చేయని స్టాక్ కార్లు తిరుగుతున్నాయి. మూడు ల్యాపులు గట్టిగా, ఒక ల్యాపు నెమ్మదిగా, అంతే. పైగా ఇప్పటి కార్లలో చాలావాటికి ఫిల్టర్ దగ్గరే నీటితో చల్లబడే ఎక్స్ఛేంజర్ ఉంటుంది. కొత్తగా ట్రాక్‌కి వెళ్లేవాడికి కూలర్ అక్కర్లేదు. ఆ డబ్బుతో టైర్లు కొను.

వీక్యూ_బాబాయ్:
హైదరాబాద్ తమ్ముడు చెప్పింది చాలా కార్లకు నిజమే, ఈ కారుకి కాదు. 370జెడ్‌లో ఉన్న వీక్యూ37వీహెచ్‌ఆర్ 3.7 లీటర్ల ఇంజిన్, 7,500 వరకూ తిరుగుతుంది. లోపల పట్టే ఆయిల్ మాత్రం ఫిల్టర్‌తో కలిపి ఐదు క్వార్టుల చిల్లర, 4.9 లీటర్లు. అంత ఆర్‌పీఎంకి అది తక్కువ ఆయిల్. మొదటి మోడళ్లు ఆయిల్‌కి గాలి కూలర్ లేకుండానే వచ్చాయి. ట్రాక్ మీద ఈ కారు ఆయిల్ వేడెక్కడం 2009 నుంచీ అందరికీ తెలిసిన సంగతే. 280 ఫారెన్‌హీట్ దగ్గరకొస్తే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) తనంతట తానే ఆర్‌పీఎం పరిమితి తగ్గించేస్తుంది. నువ్వు చెప్పిన లక్షణం అచ్చంగా అదే. చల్లారితే మామూలైపోతుంది, లైటు రాదు.

డాష్‌బోర్డు మధ్యలో మూడు గుండ్రటి గేజ్‌లున్నాయి చూడు, వాటిలో ఎడమది ఆయిల్ ఉష్ణోగ్రత. పోయినసారి అది ఎక్కడుంది?

పిస్టన్‌రింగ్:
నేనూ అదే అడిగా.

విస్కాసిటీ:
కూలర్ కొనేముందు ఆయిల్ మార్చి చూడండి. 5డబ్ల్యూ30 గ్రేడు ఆయిల్‌లో 150 సెల్సియస్ దగ్గర కొలిచే హెచ్‌టీహెచ్‌ఎస్ (వేడిలో నలిగేటప్పుడు ఉండే చిక్కదనం) కనీసం 2.9 ఉంటే చాలు, 5డబ్ల్యూ40కి కనీసం 3.5 ఉండాలి. బేరింగు, క్రాంకు మధ్య ఆయిల్ పొర ఎంత గట్టిగా నిలుస్తుందో చెప్పే అంకె ఇదే. గేజ్ చూపించేది మొత్తం ఆయిల్ వేడి, బేరింగు సందులో నలిగే ఆయిల్ అంతకంటే వేడిగా ఉంటుంది. ఎండాకాలం ట్రాక్ కోసం మంచి సింథటిక్ 5డబ్ల్యూ40 పోసి, రెండు మూడు ట్రాక్ డేలకోసారి మార్చేస్తే 260 ఫారెన్‌హీట్ దాకా ఇంజిన్‌కి భయం లేదు.

వీక్యూ_బాబాయ్:
5డబ్ల్యూ40 మంచిదే, కాదనను. కానీ చిక్కటి ఆయిల్ వేడిని తగ్గించదు, తట్టుకుంటుంది అంతే. ఆయిల్ ఏదైనా ఈసీయూ చూసేది ఉష్ణోగ్రతనే, కాబట్టి అతని ఆర్‌పీఎం మళ్లీ అక్కడే ఆగుతుంది. ఇంకో మాట. ఈ ఇంజిన్లో మొదటి సంవత్సరాల కార్లకు ముందు టైమింగ్ కవర్ వెనక ఆయిల్ గ్యాలరీ గాస్కెట్లు కాగితపువి. అవి చిరిగితే ప్రెషర్ లోపలే కారిపోతుంది. వేడెక్కాక ఐడిల్‌లో ప్రెషర్ బాగా పడిపోతుంటే కూలర్ పెట్టి లాభం లేదు, ముందు లోహపు గాస్కెట్లు వేయించాలి. కూలర్ పెట్టాక ఆ లోపం ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే గొట్టాలు, కోర్ (కూలర్‌లో ఆయిల్ చల్లబడే భాగం) కూడా కొంత ప్రెషర్ తింటాయి.

ఫ్రిస్కో_జెడ్:
సారీ, మీటింగ్‌లో ఇరుక్కున్నా. 2010 మోడల్, ఆటోమేటిక్. గేజ్ 270 దగ్గర ఉన్నట్టుంది, అప్పుడు రోడ్డు మీదే చూపు, ఖచ్చితంగా చెప్పలేను. ఆయిల్ షాపువాళ్లు పోసిందే. కూలర్ ముందే ఉంది అన్నాను కదా, అమ్మినాయన చూపించాడు, రేడియేటర్ కింది నుంచి రెండు సన్న పైపులు వెళ్తున్నాయి.

పిస్టన్‌రింగ్:
అది ఇంజిన్ ఆయిల్ కూలర్ కాదు. గేర్‌బాక్స్‌ది.

వీక్యూ_బాబాయ్:
అసలు ముడి ఇక్కడుంది! ఆటో అని మొదటే చెప్పి ఉంటే సగం చర్చ తప్పేది తమ్ముడూ. కిందకు దూరి ఆ పైపుల వెంట వేలు పెట్టి వెళ్లు. ట్రాన్స్‌మిషన్ దగ్గర తేలితే అవి ఏటీఎఫ్ (ఆటో గేర్‌బాక్స్ ఫ్లూయిడ్) పైపులు, అందులో తిరిగేది నిస్సాన్ మ్యాటిక్ ఎస్ ఫ్లూయిడ్. ఇంజిన్ ఆయిల్‌కి కూలర్ ఉంటే లావు గొట్టాలు ఆయిల్ ఫిల్టర్ దగ్గర నుంచి బయల్దేరాలి. ఫిల్టర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఏ మందపాటి ప్లేటూ లేకపోతే నీకు ఇంజిన్ ఆయిల్ కూలర్ లేనట్టే.

హైదరాబాద్_గ్యారేజ్:
అయితే లింప్ మోడ్ ఇంజిన్‌దా, గేర్‌బాక్స్‌దా? ఆటోలో లింప్ మోడ్ అంటే ఒకే గేర్లో ఇరుక్కుపోవాలి కదా. ఇతనిది అలా లేదు.

పిస్టన్‌రింగ్:
లింప్ మోడ్ అనకండి. అది లోపం దొరికినప్పుడు వచ్చేది, కంప్యూటర్‌లో లోపం కోడ్ పడుతుంది. ఇది వేడి నుంచి కాపాడే పరిమితి మాత్రమే.

హైదరాబాద్_గ్యారేజ్:
పేరు ఏదైనా ఒకటే బ్రో, కారు లాగట్లేదు.

పిస్టన్‌రింగ్:
ఒకటి కాదు. కోడ్ పడితే స్కానర్ పెట్టాలి, పడకపోతే గేజ్ చూడాలి. పని వేరు.

వీక్యూ_బాబాయ్:
ఇద్దరి మాటా అవసరమే. ఫ్రిస్కో తమ్ముడూ, ఇలా విడదియ్యి. సమస్య వచ్చిన క్షణంలో ఎడమ గేజ్ 275, 280 దగ్గరుంటే ఇంజిన్ ఆయిల్. గేజ్ 240 దగ్గరే ఉండి గేర్లు తొందరగా పైకి వేసేస్తుంటే, స్టీరింగ్ దగ్గరి గేరు ప్యాడిల్ నొక్కినా కిందికి దిగనంటుంటే ఏటీఎఫ్ వేడి. ఏటీఎఫ్ ఉష్ణోగ్రతకి నీకు గేజ్ లేదు, ఓబీడీ రీడర్‌లో (కారు కంప్యూటర్‌కి తగిలించి చదివే పరికరం) చూడాలి. నువ్వు 270 అంటున్నావు కాబట్టి నా అనుమానం ఇంజిన్ ఆయిల్ మీదే.

నీ ప్రశ్నకి జవాబు: టెక్సస్ ఎండలో, ఈ కారుతో, ఇరవై నిమిషాల సెషన్లు పూర్తిగా తిప్పాలంటే అవును, కావాలి. ఇదే కారు నవంబరులో, కొత్త డ్రైవర్ చేతిలో అయితే వెంటనే అక్కర్లేదు. గేజ్ 250 దగ్గర నిలబడితే డబ్బు దాచుకోవచ్చు, సెషన్ చివరిదాకా ఎక్కుతూనే పోతుంటే కూలర్ పెట్టాలి. కారు పేరు చూసి కాదు, ఆ ముల్లు చూసి తేల్చుకోవాలి.

ఫ్రిస్కో_జెడ్:
ఓకే అన్నా. అయితే ఏం కొనాలి? శుక్రవారం రాత్రి బిగించేస్తా.

వీక్యూ_బాబాయ్:
శుక్రవారం రాత్రి బిగించి శనివారం ట్రాక్‌కి వద్దు. ఎందుకో చివర చెప్తా.

కొనాల్సింది: ఎం20×1.5 ఫిల్టర్ దారానికి (మరకి) సరిపోయే శాండ్‌విచ్ ప్లేటు (ఫిల్టర్‌కీ ఇంజిన్‌కీ మధ్య కూర్చునేది), తప్పనిసరిగా థర్మోస్టాట్ ఉన్నది. అది సుమారు 180 ఫారెన్‌హీట్ దగ్గర తెరుచుకుంటుంది. థర్మోస్టాట్ లేకపోతే చలికాలం ఆఫీసుకి వెళ్లే దారిలో ఆయిల్ ఎప్పటికీ వేడెక్కదు, అందులో చేరిన నీరు, పెట్రోలు ఆవిరి కావు. మూసి ఉన్నా మంచి ప్లేట్లు కొద్దిగా ఆయిల్‌ని కూలర్‌లోకి పోనిస్తాయి, గొట్టాలు చేతికి గోరువెచ్చగా తగిలితే కంగారు పడొద్దు. కోర్ 25 రో (వరుసలు) ఉన్నది చాలు. 34 పెడితే మంచిదే కానీ దానికి గాలి అందించాలి. గొట్టాలు ఏఎన్-10 సైజువి. సెట్‌రాబ్ కంపెనీ కోర్ అయితే దాని రంధ్రాలు ఎం22×1.5, కాబట్టి ఎం22 నుంచి ఏఎన్-10కి అడాప్టర్లు రెండు, ఓ-రింగులతో సహా.

ఎక్కువమంది పాడుచేసుకునేది గాలి దగ్గరే. కోర్‌ని బంపర్ వెనక వేలాడదీసి వదిలేస్తారు. గాలి తేలిగ్గా పోయే దారే పోతుంది, చుట్టూ ఖాళీ ఉంటే కోర్‌లోంచి పోదు. పక్కల సందులన్నీ నురుగు పట్టీతోనో అల్యూమినియం రేకుతోనో మూసెయ్యి. నీ ముందు నంబర్ ప్లేటు గ్రిల్ మధ్యలో ఉంటే అది కోర్‌కి ఎదురుగా రాకుండా చూసుకో, టెక్సస్‌లో తీసేయడానికి లేదు కాబట్టి పక్కకు జరిపే బ్రాకెట్ పెట్టుకో. కోర్ ఏసీ కండెన్సర్‌కి ముందుంటుంది, కాబట్టి ఆ వేడి గాలి రేడియేటర్‌కి తగులుతుంది. కూలర్ పెట్టాక నీటి ఉష్ణోగ్రత మీద కూడా ఒక కన్నుంచు.

కోర్ రంధ్రాలు పైకో పక్కకో ఉండాలి. కిందికి పెడితే పైన గాలి చిక్కుకుపోతుంది.

విస్కాసిటీ:
ఏఎన్ ఫిట్టింగులకు టెఫ్లాన్ టేపు చుట్టొద్దు. అవి కోన్ మీద మూసుకుంటాయి, దారం మీద కాదు. ఊడిన టేపు ముక్క ఆయిల్ దారిలో పడితే ఇంజిన్ పోతుంది.

వీక్యూ_బాబాయ్:
సరిగ్గా చెప్పారు. ఇంకా: పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోతుంది, అది తీయకుండా ప్లేటు బిగిస్తే రెండు రింగులై ఒక్కసారిగా ఆయిల్ చిమ్ముతుంది. వేలితో తడిమి చూడు. కొత్త ఓ-రింగులకు ఆయిల్ రాయి. ఫిట్టింగు బిగించేటప్పుడు రెండు స్పానర్లు వాడు, ఒకటి పట్టుకోవడానికి, ఒకటి తిప్పడానికి. లేకపోతే కోర్ మెడ మెలితిరిగి పగుల్తుంది. గొట్టం ఎక్కడా స్వే బార్‌కీ, రేకు అంచుకీ తగలకూడదు. తగిలే చోట తొడుగు వెయ్యి. స్టీలు తీగ అల్లిన గొట్టం రంపంలా పనిచేస్తుంది, ఎదుటిదాన్ని కోసేస్తుంది.

మొదటిసారి స్టార్ట్ చేసేముందు ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, పది సెకన్ల చొప్పున ఆగి ఆగి క్రాంక్ చెయ్యి, ఆయిల్ కోర్‌లో నిండాలి. తర్వాత స్టార్ట్ చేసి వేడెక్కనిచ్చి, ఆపి, డిప్‌స్టిక్ చూడు. సుమారు ఒక క్వార్టు అదనంగా పడుతుంది, కానీ నా అంకె నమ్మి పొయ్యొద్దు, డిప్‌స్టిక్‌ని నమ్ము. ఎక్కువైతే క్రాంకు కొట్టి నురుగొస్తుంది. థర్మోస్టాట్ తెరుచుకున్నాక మళ్లీ చూడాలి, అప్పుడే అసలు మట్టం తెలుస్తుంది.

ఇప్పుడు శుక్రవారం సంగతి. బిగించాక కనీసం వందమైళ్లు రోడ్డు మీద తిప్పి, వేడి, చలి నాలుగైదు సార్లు మారాక ఫిట్టింగులన్నీ మళ్లీ చూసుకోవాలి. ట్రాక్ మీద గొట్టం ఊడితే నీ ఇంజినే కాదు, నీ వెనకవాళ్ల టైర్ల కింద ఆయిల్. ఆ ఆయిల్ ఎగ్జాస్ట్ మీద పడితే మంట. అందుకని ఈ శనివారానికి కూలర్ లేకుండానే వెళ్లు. కొత్త 5డబ్ల్యూ40 పోసుకో. మాన్యువల్ మోడ్‌లో పెట్టి 6,500 దగ్గర గేరు మార్చు, మలుపుల్లో ఒక గేరు పైనే ఉండు, ఆయిల్ వేడిలో ఎక్కువ భాగం ఆర్‌పీఎం నుంచే వస్తుంది. ముల్లు 260 చేరగానే ఒక ల్యాపు నెమ్మదిగా వెళ్లు. దిగకపోతే లోపలికి రా. వచ్చాక వెంటనే ఇంజిన్ ఆపకుండా బానెట్ ఎత్తి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచు.

బ్రేక్_మాస్టారు:
ఫ్లూయిడ్ మార్చావా?

హైదరాబాద్_గ్యారేజ్:
బాబాయ్, మూడు ల్యాపులు గట్టిగా, ఒకటి నెమ్మదిగా అని నేను ముందే చెప్పా కదా. తిరిగి తిరిగి అక్కడికే వచ్చారు.

వీక్యూ_బాబాయ్:
శనివారానికి నువ్వన్నదే. ఆగస్టులో అది చాలదు, మూడో గట్టి ల్యాపే ఉండదు.

ఫ్రిస్కో_జెడ్:
కిందకు దూరి చూశా, పైపులు గేర్‌బాక్స్‌కే వెళ్తున్నాయి. ఫిల్టర్ దగ్గర ప్లేటు లేదు. ఆయిల్, బ్రేక్ ఫ్లూయిడ్ రెండూ ఆర్డర్ పెట్టా. థాంక్స్ అందరికీ.

మిడ్‌వెస్ట్_మనోడు:
ఇదే కారు, మాన్యువల్, 2013 స్పోర్ట్ ప్యాకేజీ. దీనికి కంపెనీ కూలరే ఉందంటున్నారు. దాన్ని తీసి 25 రో పెట్టాలా, ఉన్నదానికే రేకు కట్టి గాలి అందిస్తే సరిపోతుందా?

పిస్టన్‌రింగ్:
గేజ్ ఎంత చూపిస్తోంది?