ఎస్పెరాంటో కోసం ఎన్నికల ప్రచారం ఎలా జరిగిందో చెప్పగలరా?

నమస్కారం. యూరోపియన్ యూనియన్‌లో 24 అధికార భాషలతో పాటు, కృత్రిమంగా రూపొందించిన ఎస్పెరాంటో భాషను ఉమ్మడి భాషగా నిలపాలన్న నినాదంతో, 2004 నుంచి ఫ్రాన్స్‌లో యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో పోటీ చేస్తూ వచ్చిన ‘యూరప్ డెమోక్రసీ ఎస్పెరాంటో’ అనే పార్టీ గురించి నేను ఒక వ్యాసం రాస్తున్నాను. దాన్ని రూపొందించిన జామెన్‌హోఫ్ 1887లో ప్రకటించిన ఈ భాష చరిత్ర, 1954లో మాంటెవిడియోలో యునెస్కో దీనికి అనుకూలంగా చేసిన తీర్మానం వంటివి పుస్తకాల్లో సులభంగానే దొరికాయి; నాకు కావలసింది ప్రచారం జరిగిన తీరు. ఫ్రాన్స్‌లో బ్యాలెట్ పత్రాలను పోటీదారులే అచ్చు వేయించుకోవాలి, కనీసం 3 శాతం ఓట్లు వస్తేనే ఆ ఖర్చు తిరిగి వస్తుంది, 5 శాతం రానిదే సీటు దక్కదు. ఇంత భారం మోస్తూ, గెలిచే ఆశ దాదాపు లేని ఈ పార్టీ వారు ఓటరును ఏమని ఒప్పించేవారు? ఏ జాతికీ సొంతం కాని భాష అన్న న్యాయం గురించి మాట్లాడేవారా, అనువాదాల ఖర్చు తగ్గుతుందనేవారా? (హిందీ, ఇంగ్లీషుల వాదన వింటూ పెరిగిన మనకు మొదటిది కొత్తేమీ కాదు.) 2009, 2014, 2019 ఎన్నికల సమయంలో అక్కడ ఉన్న తెలుగువారెవరైనా వారి కరపత్రాలను గానీ, సభలను గానీ చూసి ఉంటే, గుర్తున్నంత వరకు దయచేసి వివరించగలరు.